వేపచెట్టు కింద అంబాసిడర్

మా మదరసా వాకిట్లో వేపచెట్టు కింద ఒక తెల్లని అంబాసిడర్ కారు నాలుగేళ్లుగా కదలకుండా నిలబడి ఉండేది. టైర్లలో గాలి పోయింది. అద్దాల మీద వేపజిగురు మరకలు కట్టాయి. వెనుక సీటులో పొరుగింటి కోడి గుడ్లు పెట్టేది. గత రమజానుకు ముందు, ఊరి చుట్టూ మిరప కోతలు మొదలైన రోజుల్లో, కమిటీ పెద్దలు దాన్ని అమ్మివేయాలని తీర్మానించారు. పాత ఇనుము కొనే అతను వచ్చి, దాని చుట్టూ ఒకసారి తిరిగి, తూకం లెక్కన 28,000 రూపాయలు ఇస్తానన్నాడు. వ్యవహారం అంతటితో ముగుస్తుందనుకున్నాము. ఈ సంగతి ఎలా పాకిందో గానీ, ఆ తరువాతి శుక్రవారం నుండి ఆ కారు కోసం మనుషులు రావడం మొదలైంది. కొనడానికి వచ్చినవారు కొందరే. ఊరికే చూసి, తలుపు మీద చేయి వేసి, పాత సంగతులు చెప్పుకొని వెళ్లినవారే ఎక్కువ.

ఫిఖ్ పాఠాలు చెప్పుకొని బ్రతికే ఉస్తాదుకు కార్లతో పనేమిటని పాఠకులు అనుకోవచ్చు. నిజమే. మాకు కారు నడపడం రాదు. సైకిలు మీదనే యాభై ఏళ్లు దాటించాము. అయినా ఆ మూడు నాలుగు వారాలలో ఆ చెట్టు నీడన విన్న మాటలు మమ్మల్ని వదలలేదు. తయారీ ఆగిపోయిన కార్ల మీద జనానికి ఇంత ప్రేమ, ఇంత కోపం, ఇంత వాదన ఉంటుందని మేము ఊహించలేదు.

ముందుగా మా కారు సంగతి. అది 1996 నాటి డీజిలు బండి. గుంటూరు మిర్చి యార్డులో కమీషను వ్యాపారం చేసే ఒక పెద్దమనిషి 2001లో కొత్త వాహనం కొనుక్కొని, పాతదాన్ని మదరసాకు ఇచ్చారు. తాళం చెవి మా చేతిలో పెడుతూ, ఇది పిల్లల అవసరాలకే వాడాలి అని ఒక్క షరతు చెప్పారు. ఆ షరతును ఇరవై ఏళ్లు ఆ కారే నెరవేర్చింది. అర్ధరాత్రి జ్వరం ముదిరిన పిల్లవాణ్ణి ఆసుపత్రికి మోసింది. రమజానులో పల్లె పల్లె తిరిగి ఇచ్చినవారి బియ్యం బస్తాలు మోసింది. దూరపు ఊరిలో తండ్రి పోయిన విద్యార్థిని జనాజా నమాజు వేళకు చేర్చింది. ఆ రోజు రేపల్లె దారిలో దాని వేగం గంటకు అరవై కిలోమీటర్లు దాటలేదు. అయినా ఒక్కచోట కూడా ఆగలేదు.

చూడవచ్చిన వారిలో మొదటివాడు ఒక రిటైరైన టాక్సీ డ్రైవరు. గుంటూరు, చిలకలూరిపేట, ఒంగోలు మధ్య ముప్పై ఏళ్లు అంబాసిడరే నడిపాడట. అతని మాటల్లో పొగడ్త తక్కువ, నింద ఎక్కువ. ఈ కారులో హారను తప్ప అన్నీ మోగుతాయని జనం అనే పాత పరిహాసాన్ని అతనే మొదట అన్నాడు. స్టీరింగు తిప్పితే భుజాలు పట్టేసేవట. బ్రేకు నొక్కి కలిమా చదువుకోవలసి వచ్చేదట. ఎండాకాలంలో కాళ్ల దగ్గర వేడి, వానాకాలంలో నెత్తి మీద చుక్కలు. ఇన్ని చెప్పి, చివరకు బానెట్ మీద తుండుగుడ్డ పరచుకొని దాని మీద తల ఆనించాడు. "ముందు ముగ్గురు, వెనుక నలుగురు, ఒడిలో పిల్లల లెక్క వేరు. కాదు అనేది కాదు మౌలానా సాబ్, ఈ బండి ఎవరినీ కాదు అనేది కాదు" అన్నాడు.

ఆయన చెప్పింది కొంతవరకు ఆ బండి పుట్టుకలోనే ఉన్నది. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారు మూడవ తరగతి నమూనాను హిందుస్తాన్ మోటార్స్ తీసుకొని, పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడా కర్మాగారంలో 1950ల చివర నుండి అంబాసిడర్ పేరుతో తయారు చేసింది. తలపాగా తగలనంత ఎత్తైన టాపు, బల్ల వంటి ముందు సీటు, వెనుక ఎడ్లబండి బరువునైనా ఓర్చుకునే కమాను కట్టలు. మార్క్ 2, మార్క్ 3, మార్క్ 4, నోవా అని పేర్లు మారినా, ముఖం కాస్త మారినా, మనిషి మాత్రం అదే మనిషి. 2014 మే నెలలో తయారీ ఆగింది. అంతకు ముందు ఏడాదే బ్రిటన్‌వారి టాప్ గేర్ అనే టెలివిజన్ కార్యక్రమం ప్రపంచంలోని టాక్సీలన్నిటిలో దీన్నే మేటిగా ఎంచింది. మన్నన కాస్త ఆలస్యంగా అందింది. 2017లో అంబాసిడర్ అనే పేరును మాత్రం ఫ్రాన్సుకు చెందిన పెజో కంపెనీ 80 కోట్ల రూపాయలకు కొనుక్కున్నది. ఈ సంగతి విని మా డ్రైవరు చాచా వేపచెట్టు కిందికి వెళ్లి, కారు వెనుక ఉన్న ఆ పేరు రేకును వేలితో తట్టి చూశాడు. "పేరుకు 80 కోట్లు, బండికి 28,000!" అన్నాడు.

ఇక మా ఊరి మెకానిక్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. షెడ్డులలో పని నేర్పే పెద్ద మెకానిక్‌ను కుర్రవాళ్లు ఉస్తాద్ అని పిలుస్తారు. మమ్మల్ని మదరసా పిల్లలు అదే మాటతో పిలుస్తారు. బజారులో ఎవరైనా "ఉస్తాద్" అని కేక వేస్తే మేమిద్దరం ఒకేసారి తిరిగి చూస్తాము. ఆయన తండ్రి దూదేకులవారు. పత్తి సీజనులో విల్లు భుజాన వేసుకొని ఇల్లిల్లూ తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవారు. యంత్రాలు, ఫోము పరుపులు వచ్చాక ఆ పని సన్నగిల్లింది. కొడుకులలో ఒకరు కారు సీట్లు కుట్టే పనికి, ఒకరు టింకరింగుకు, ఈయన ఇంజను పనికి వెళ్లారు. మేమెరిగిన ఇటువంటి కుటుంబాలు ఈ చుట్టుపక్కల పదికి తక్కువ ఉండవు. నల్లరేగడి నేల పత్తిని ఇచ్చినంతకాలం దూదిలో బ్రతికారు. ఆ పత్తి డబ్బుతో కార్లు వచ్చాక ఆ కార్లలో బ్రతికారు.

ఆయనకు అంబాసిడర్ మీద ఉన్న అభిప్రాయం ప్రేమికుల అభిప్రాయం కాదు, వైద్యుని అభిప్రాయం. ఆయన చెప్పిన మాటలు ఇవి: ఈ ఇంజను ఏమంత గొప్పది కాదు. 1489 సీసీ డీజిలు, బలం తక్కువ, పొద్దున్నే హీటరు ప్లగ్గులు వేడెక్కేదాకా ఓపిక పట్టాలి. దాని గొప్పంతా బానెట్ ఎత్తగానే కనబడుతుంది. చేయి పెట్టడానికి చోటున్నది. ఇప్పటి కార్లలో ఒక బల్బు మార్చాలంటే ముందు సగం విప్పాలి. దీనిలో ఒక స్పానరు, ఒక స్క్రూడ్రైవరు, కాస్త ఇంగితం ఉంటే సంతమాగులూరు దగ్గర ఆగిపోయినా, అద్దంకి దగ్గర ఆగిపోయినా ఆ ఊరివాడే బాగుచేయగలడు. సామాను ఏ అంగడిలోనైనా దొరికేది. లేకపోతే లేతు మీద చేయించుకునేవాళ్లం. "ఈ బండి మా పిల్లలకు పని నేర్పింది మౌలానా సాబ్. ఇప్పుడు వచ్చే బండ్లు మా పిల్లల చేత రేకు తుడిపిస్తున్నాయి" అన్నారాయన. ఆ మాటలో కొంత వృత్తి దుఃఖం ఉన్నది. కొంత అతిశయోక్తి కూడా ఉండవచ్చు. కొత్త కార్లు తక్కువగా ఆగుతాయన్నది ఆయన ఒప్పుకోరు.

మరొక సంగతి కూడా ఆయనే చెప్పారు. జీపుకు కింద చాసిస్ వేరు, పైన బాడీ వేరు. బాడీ తుప్పుపట్టి ఊడిపోయినా చాసిస్ మీద బండి నడుస్తుంది. అంబాసిడర్ అలా కాదు. దానికి వేరే చాసిస్ లేదు. అడుగు రేకు, పక్క రేకులు, టాపు అన్నీ కలిసి అతికిన ఒకే పెట్టె. ఆ పెట్టె అడుగు పుచ్చితే ఇంజను ఎంత బాగున్నా ప్రయోజనం లేదు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మా కారు వైపు చూడలేదు. మేము మాత్రం చూశాము. ఎందుకో తరువాత చెబుతాము.

పత్తి డబ్బు అన్నాము. ఆ కథ తెలియనిదే ఈ నేల మీది కార్ల కథ అర్థం కాదు. 1967లో నాగార్జునసాగర్ నీరు కాలువలకు వచ్చింది. 1970లలో హైబ్రిడ్ పత్తి వచ్చింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతు ఇంటికి అంతకు ముందు ఎరుగని రొక్కం వచ్చింది. చిలకలూరిపేట, పర్చూరు ప్రాంతాలలో ఊరికొక కారు, తరువాత వీధికొక కారు కనబడసాగాయి. 1980ల మధ్యలో తెల్లదోమ వచ్చిపడింది. ఎన్ని మందులు కొట్టినా చావలేదు. 1987-88 నాటికి అప్పులపాలైన పత్తి రైతులు ఆ పురుగుమందే త్రాగిన వార్తలు ప్రకాశం జిల్లా నుండి వచ్చాయి. అప్పుడు మేము చదువుకుంటున్న కుర్రవాళ్లము. ఆ ఏడాది ఒక పెద్ద రైతు ఇంటి ముందు నుండి అంబాసిడర్‌ను ఎవరో తోలుకొని వెళ్తుంటే, ఆ ఇంటి ముసలమ్మ గేటు పట్టుకొని నిలబడి ఉండటం చూశాము. కొనుగోలుదారులు ఆ ఏడాది ఎంత అడిగితే అంతకు దొరికాయని తరువాత డ్రైవర్లు చెప్పుకునేవారు. అందుచేత ఈ ప్రాంతంలో పాత కారును చూసి కళ్లు తుడుచుకునేవారు కనబడితే, అది కారు మీది మమకారం మాత్రమే అనుకోరాదు.

కారు చూడవచ్చిన వారిలో ఒక వృద్ధ న్యాయవాదికి అంబాసిడర్ అంటే చిన్నచూపు. ఆయనది ఫియట్ పక్షం. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ తయారు చేసిన ఫియట్ 1100 తరువాత ప్రీమియర్ పద్మిని అయింది. 2001 నాటికి దాని తయారీ ఆగింది. బొంబాయి టాక్సీలలో చివరి పద్మిని 2023 అక్టోబరులో రోడ్డు దిగింది. స్టీరింగు పక్కనే గేరు కర్ర, చేతికి తేలిక, సన్నపు సందులలో తేలికగా తిరిగేది. ఆయన మాటల్లో, "అంబాసిడర్ ప్రభుత్వం వారి కారు, ఫియట్ చదువుకున్నవాడి కారు." ఆ ప్రీమియర్ సంస్థను స్థాపించిన వాల్‌చంద్ హీరాచంద్‌యే విశాఖపట్నంలో ఓడల కర్మాగారానికి పునాది వేయించారని కూడా ఆయన చెప్పారు. న్యాయవాది గనుక సాక్ష్యం కూడా తెచ్చారు. లాల్ బహదూర్ శాస్త్రిగారు ప్రధానమంత్రి అయిన తరువాత ఇంట్లో వారి కోరిక మీద ఫియట్ కొన్నారు. ధర 12,000 రూపాయలు. చేతిలో అంత లేదు. పంజాబ్ నేషనల్ బ్యాంకులో 5,000 అప్పు తీసుకున్నారు. 1966లో తాష్కెంటులో ఆయన కన్నుమూశారు. మిగిలిన అప్పును ఆయన భార్య లలితగారు తమ పింఛను నుండి తీర్చారు. మృతుని అప్పు వారసుల మెడ మీద ఎంత బరువో మేము ఏటా పాఠం చెబుతాము. ఆ కథకు ఒక ఫియట్ ఉదాహరణ అవుతుందని ఎన్నడూ తోచలేదు. ఆ కారు ఇప్పటికీ ఢిల్లీలో శాస్త్రిగారి స్మారక గృహంలో ఉన్నది.

స్టాండర్డ్ హెరాల్డ్ గురించి మాట్లాడినవారు ఇద్దరే. మద్రాసులో తయారైన ఆ కారు ముందు భాగమంతా మొసలి నోరులా ఒక్కసారిగా పైకి లేచేదట. అదే సంస్థ 1985లో స్టాండర్డ్ 2000 అని ఒక ఖరీదైన కారును తెచ్చింది. బయట బ్రిటన్ రోవరు దుస్తులు, లోపల పాతకాలపు ఇంజను. మూడేళ్లలోనే కథ ముగిసింది. కాంటెస్సాను మాత్రం అందరూ జ్ఞాపకం చేసుకున్నారు. జిన్నింగు మిల్లుల యజమానులు, ఎమ్మెల్యేలు, సినిమాలలో దొంగల నాయకులు ఎక్కిన పొడుగాటి బండి. ఒక్కరు కూడా దాన్ని కొనలేదు, అందరూ ప్రేమించారు.

మా చెల్లెలు ఒంగోలు వైపు ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలు. సెలవులకు వచ్చి ఈ మగవారి సభను రెండు రోజులు వరండాలో నుండి విన్నది. మూడవ రోజు టీ పంపుతూ తన అభిప్రాయం కూడా పంపింది. "భాయిజాన్, మీ అంబాసిడర్ గొప్పేమిటి? అందులో మేము ఎప్పుడూ వెనుక సీటులోనే కూర్చున్నాము. ఎప్పుడు బయలుదేరాలో డ్రైవరు చెప్పేవాడు, ఎక్కడ ఆగాలో మీరు చెప్పేవారు. నేను నా చేత్తో తాళం తిప్పింది మారుతి 800లో" అన్నది. నిజమే, బావగారు పక్షవాతంతో పడిపోయిన ఏడాది ఆమె ఆ పాత మారుతిని కొని, నలభై ఏళ్ల వయసులో నడపడం నేర్చుకున్నది. ఆయనను వారానికి రెండుసార్లు వైద్యానికి తనే తీసుకువెళ్లింది. మేము అప్పుడు ఆడవారు కారు నడపటం ఏమిటని గొణిగినవారిలో ఒకరము. ఇప్పుడు ఒప్పుకుంటున్నాము.

మారుతి 800 కథ చాలామందికి తెలిసినదే. 1983 డిసెంబరు 14న మొదటి కారు తాళాలను ఇందిరాగాంధీ ఢిల్లీలో ఒక ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగికి అందజేశారు. మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజను. ధర అప్పట్లో యాభై వేలకు లోపే. 2014 జనవరిలో దాని తయారీ ఆగింది. నాలుగు నెలలకు అంబాసిడర్ ఆగింది. అత్తాకోడళ్లలా ముప్పై ఏళ్లు పోట్లాడుకున్న రెండు బండ్లూ ఒకే ఏడాది పోయాయి. మెకానిక్ ఉస్తాద్ 800ను మొదట్లో అగ్గిపెట్టె అని వెక్కిరించేవారట. ఇప్పుడు ఆయన పెద్ద కుమార్తె నడిపేది అదే.

జీపులు, ట్రాక్సులు, సుమోల గురించి చెప్పినవారు వేరే తరగతి. మిరప కోతల కాలంలో కూలీలను తెల్లవారుజామున తోటలకు చేర్చింది ఆ బండ్లే. లోపల పదిహేనుమంది, వెనుక వ్రేలాడుతూ మరో ఐదుగురు, పైన సద్ది మూటలు. వాటిని ప్రేమించేవారు డ్రైవర్లు, యజమానులు. ఒక కూలీ తల్లిని అడిగితే ఆమె చిత్రంగా చూసి, "బండి గురించి ఏముందయ్యా, ఇంటికి చేర్చితే చాలు" అన్నది. సుమో అనే పేరు జపాను మల్లయోధులది కాదు, టాటా మోటార్స్‌ను నడిపిన సుమంత్ మూల్గావ్‌కర్ పేరులోని అక్షరాలని చాలామందికి తెలియదు. 1994లో వచ్చిన ఆ బండి 2019లో ఆగింది. క్వాలిస్ పేరెత్తితే మాత్రం టాక్సీవాళ్లకు ఇప్పటికీ కోపం. బాగా అమ్ముడుపోతున్న బండిని 2005లో ఇన్నోవా కోసం కంపెనీయే ఆపేసింది. "ముసలిదై పోతే ఏడవం మౌలానా సాబ్, మంచి వయసులో పోయింది" అన్నాడొకడు.

చూడవచ్చిన వారిలో కొనాలనే పట్టుదలతో వచ్చినవాడు ఒక్కడే. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ముప్పై ఏళ్ల యువకుడు. వారి తాతగారిది చిలకలూరిపేట దగ్గర పల్లె, పెద్ద పత్తి రైతు. వాళ్ల అంబాసిడర్ ఆ తెల్లదోమ రోజులలోనే అమ్ముడుపోయిందట. అతనికి పాత కార్లంటే పిచ్చి. సెలవు దొరికితే చూడటానికి పోతాడు. హైదరాబాదులో బహదూర్‌పురా వద్ద సుధా కార్ల మ్యూజియం ఉన్నది. సుధాకర్‌గారు వంకాయ, బూటు, క్రికెట్ బ్యాటు, కెమెరా ఆకారాలలో నడిచే బండ్లను చేసిపెట్టారు. 2005లో ఆయన చేసిన మహా ట్రైసైకిల్ గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. మా పిల్లలు ఈ వర్ణన విని, వంకాయ కారుకు తొడిమె ఎక్కడుంటుందని అతణ్ణి గంటసేపు వదలలేదు. చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చని రోల్స్ రాయిస్ ఉన్నది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ దాన్ని చేయించమన్నారు. అది వచ్చేలోపే 1911లో కన్నుమూశారు. లోపల సింహాసనం వంటి ఆసనం. ఊరేగింపులకు తప్ప తిరగలేదు గనుక నూరేళ్లు దాటినా కొత్తదానిలా ఉన్నదట. ఎన్.టి. రామారావుగారు 1982లో పాత షెవర్లే వ్యానును చైతన్య రథంగా మార్చుకొని రాష్ట్రమంతా తిరిగిన బండి గురించి కూడా అతను చెప్పాడు. ఆ రథం మా ఊరి దారిన వచ్చినప్పుడు మేము గోడెక్కి చూశామని చెబితే, ఆ పిల్లవాడు మమ్మల్నే ఒక మ్యూజియం వస్తువులా చూశాడు.

"వీటన్నిటిలో ఏది గొప్పది బాబూ?" అని అడిగాము. రోల్స్ రాయిస్ అంటాడనుకున్నాము. "తిరిగిన కారే గొప్పదండీ. తిరగని కారును చూస్తే జాలి వేస్తుంది" అన్నాడు.

అతను 1,20,000 రూపాయలు ఇస్తానన్నాడు.

ఆ మొత్తం విలువ ఏమిటో చెప్పాలి. దాత ఈ కారును పిల్లల అవసరాలకని ఇచ్చారు. అటువంటి ధర్మానికి ఇచ్చిన వస్తువు పనికిరాకుండా పోతే దాన్ని అమ్మి, ఆ సొమ్ముతో అదే ప్రయోజనానికి మరొకటి సమకూర్చాలని పెద్దలను అడిగి తెలుసుకున్నాము. గోడకు సున్నానికో, జీతాలకో వాడే వీలు లేదు. నాలుగేళ్లుగా మాకు బండి లేదు. ఆటో దొరకని రాత్రి ఒక పిల్లవాణ్ణి మోటారు సైకిలు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి ఆసుపత్రికి తీసుకుపోవలసి వచ్చింది. 1,20,000 వస్తే ఒక పాత ఓమ్నీ వ్యాను వస్తుంది. 28,000కు ఏదీ రాదు. పోనీ ఇదే కారును మళ్లీ రోడ్డెక్కించుదామా అంటే, పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషను రెన్యువల్ రుసుము 2022 ఏప్రిల్ నుండి 600 కాస్తా 5,000 అయింది. 2025లో ఇరవై ఏళ్లు దాటినవాటికి 10,000 చేశారు. పదేళ్లు దాటిన డీజిలు బండిని నడపరాదన్న నిషేధం మనకు లేదు గానీ, ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గాలి. మాది నెగ్గదని మాకు తెలుసు.

నెగ్గకపోవడానికి కారణం 2010 మే నెల. లైలా తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజులలో మా కారు రెండు పగళ్లు, రెండు రాత్రులు సీటు మట్టం వరకు నీటిలో నిలిచింది. ఇంజను బాగుచేయించాము. అడుగు రేకు మాత్రం ఏడాదికేడాది లోలోపల తినుకుపోయింది. ఒకచోట కాలు మోపితే దిగబడేది. ఒక టింకరింగు పనివాని చేత రేకు ముక్కలు వేయించి, అతుకు పెట్టించి, తారు పూయించి, పైన కొత్త మ్యాటు పరిపించాము. పైకి చూస్తే ఏమీ తెలియదు. ఆ యువకుడు ఇంజను చూశాడు, తలుపులు చూశాడు, మీటరు చూశాడు, కిందికి వంగి చూశాడు. తారు నల్లగా మెరుస్తూ గట్టిగానే కనబడింది. "అడుగు బాగానే ఉందండీ" అన్నాడు.

మేము ఏమీ అనలేదు.

ఇది దాచవలసిన విషయం కాదు గనుక రాస్తున్నాము. ఆ క్షణంలో మా నోటికి మాట రాలేదు. అతను బయానా కింద 5,000 ఇచ్చి వెళ్లాడు. రాత్రి కమిటీలో ఒక సభ్యుడు, మంచి మనిషే, "అడిగి ఉంటే చెప్పేవాళ్లం, అడగలేదు. అతనేమీ పసివాడు కాదు, చూసుకునే కొన్నాడు. ఈ డబ్బు పిల్లలది" అన్నాడు. పిల్లలది అన్న మాట మమ్మల్ని బాగా ఇరుకున పెట్టింది. మన సొంత లాభం కోసమైతే కాదనడం సులువు.

మిర్చి యార్డు పక్కన బ్రతికేవారికి ఈ పరిస్థితి కొత్త కాదు. టిక్కీ అడుగున తాలు కాయలు పెట్టి పైన ఎర్రని కాయలు పేర్చడం, తూకానికి నీళ్లు చల్లడం ఇక్కడ ప్రతి సీజనులో వినబడే మాటలే. మదీనా బజారులో దైవప్రవక్త (సఅసం) ధాన్యపు రాశిలోకి చేయి పెట్టి చూడటం, లోపల తడి తగలడం, ఆ వ్యాపారిని నిలదీయడం పిల్లలకు ఏటా చెబుతాము. వస్తువులోని లోపం తెలిసీ చెప్పకుండా అమ్మితే కొన్నవానికి తిరిగి ఇచ్చివేసే హక్కు ఉంటుందని, దాన్ని ఖియారుల్ ఐబ్ అంటారని కూడా చెబుతాము. చెప్పడం వేరు. తారు పూసిన రేకు మీద మ్యాటు పరచి నిలబడటం వేరు. పైగా ఆ అడుగు లేనిదే ఆ పెట్టె నిలవదని మెకానిక్ ఉస్తాద్ మాటల్లో విన్నాము. అతను దానిలో భార్యాబిడ్డలను ఎక్కించుకొని ఆరు వరుసల రోడ్డు మీద పోతాడు.

తెల్లవారుజామున ఫజ్ర్ తరువాత ఫోను చేశాము. తుపాను సంగతి, రేకు సంగతి చెప్పి, బయానా తిరిగి తీసుకోవచ్చని అన్నాము. అతను కాసేపు మాట్లాడలేదు. "మొన్న చెబితే బాగుండేది కదండీ" అన్నాడు. అవునన్నాము. తరువాతి ఆదివారం టింకరింగు తెలిసిన మనిషిని వెంటబెట్టుకొని వచ్చాడు. మ్యాటు ఎత్తించాము. ఆ మనిషి సుత్తితో రెండుచోట్ల తట్టగానే తారు పెచ్చు ఊడి వేపాకులు, నేల కనబడ్డాయి. అడుగంతా కోసి కొత్త రేకు వేయాలని, యాభై వేలు దాకా అవుతుందని అతను లెక్క చెప్పాడు. యువకుడు 70,000 అన్నాడు. ఒప్పుకున్నాము. కమిటీ సభ్యుడు ఆ రోజు టీ త్రాగకుండానే వెళ్లిపోయాడు.

కారును లారీ ఎక్కించడానికి ముందు పిల్లలు దాన్ని కడిగారు. కోడిని లేపడం కష్టమైంది. ముందు పెట్టెలో ఒక పాత సహరీ ఇఫ్తార్ కాలపట్టిక, ఎవరిదో తెలియని ఒక చిన్నపిల్లవాని చెప్పు, ఆసుపత్రి చీటీలు, రెండు హీటరు ప్లగ్గులు దొరికాయి. ప్లగ్గులు అతను తీసుకున్నాడు. ఇప్పుడవి తేలికగా దొరకవట. డ్రైవరు చాచా లారీ వెనుక రోడ్డు మలుపు దాకా నడిచి వెళ్లి, తిరిగి వచ్చి, చెట్టు కింద తారు మరకల మీద మట్టి పోశాడు.

తక్కువ పడిన సొమ్ము రమజానులో కొంత, తరువాత కొంత పోగైంది. షవ్వాల్ చివరలో 2018 నాటి ఓమ్నీ ఒకటి కొన్నాము. దాన్ని మెకానిక్ ఉస్తాద్‌కు చూపించి, ముందుగా కిందికి దూరి అడుగు చూడమన్నాము. ఆయన చాలాసేపు చూసి, బట్టలు దులుపుకుంటూ లేచి, "అడుగు నిక్షేపంగా ఉన్నది మౌలానా సాబ్. కానీ దీన్ని కూడా 2019లో ఆపేశారు, తెలుసా?" అన్నారు.

అంబాసిడర్ రెండవ తాళం చెవి మొన్న మా బల్ల సొరుగులో కనబడింది. దాన్ని హైదరాబాదుకు పంపాలి.